దగ్గితే భయం, తుమ్మితే భయం: పాఠకుల ప్రశ్నలకు ఫిజియోథెరపిస్టు జవాబులు

గత సంచికలో నడుము నొప్పి గురించి రాసిన జవాబులకు చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ నడుము గురించి కావు. మొదటి నాలుగు వాక్యాలూ నడుము గురించి రాసి, ఐదో వాక్యంలో అసలు సంగతికి వచ్చారు. కొందరు ఆ ఐదో వాక్యాన్ని కొట్టేసి మళ్లీ రాశారు. పేర్లు లేవు, కొన్నింటికి ఊరి పేరైనా లేదు. నల్గొండలో స్త్రీలకు ఫిజియోథెరపీ చేసే నాకు ఈ వరస బాగా తెలుసు. మా గదిలోనూ అంతే. మోకాలు చూపించుకుంటారు, చెప్పులు వేసుకుంటారు, తలుపు దగ్గర ఆగి "ఇంకో మాట మేడం" అంటారు. ఈసారి పేజీలన్నీ ఆ ఇంకో మాటకే, అంటే మూత్రం ఆపుకోలేకపోవడం, కింద నొప్పి, జారడం లాంటి బాధలకే ఇస్తున్నాను.

ప్రశ్న: అక్కా, నాకు 38 ఏళ్లు. ముగ్గురు పిల్లలు, మూడూ మామూలు కాన్పులే. నాట్లకు, కలుపుకు, పత్తి ఏరడానికి కూలికి వెళ్తాను. మూడేళ్లుగా దగ్గినా, తుమ్మినా, నారు కట్టలు ఎత్తినా మూత్రం చుక్కలు పడుతోంది. నాట్లప్పుడు చీర ఎలాగూ తడిసే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. పత్తి చేనులో మాత్రం తెలిసిపోతుంది. అందుకని పనికి వెళ్లే రోజు పొద్దున నీళ్లు తాగడం మానేశాను. పోయిన బతుకమ్మకు కాలు నొప్పి అని చెప్పి ఆడకుండా పక్కన కూర్చున్నాను. మా ఊరి ఆర్‌ఎంపీ గర్భసంచి తీయించుకుంటే పోతుందన్నాడు. మా అత్త "ముగ్గురిని కన్నాక ఇవన్నీ ఉండేవే" అంటుంది. తీయించుకోమంటారా?
— ఒక సోదరి, నిడమనూరు మండలం

జవాబు: వద్దు చెల్లెమ్మా. మూత్రం చుక్కలు పడటం ఒక్కటే మీ బాధ అయితే, గర్భసంచి తీయడం దానికి వైద్యమే కాదు. మూత్రం నిలిచేది మూత్రసంచిలో. గర్భసంచి దాని వెనక ఉండే వేరే అవయవం. దాన్ని తీసేసినంత మాత్రాన మూత్రం దారిని మూసి ఉంచే కండరాలకు బలం రాదు. ఆ ఆపరేషన్ అయ్యాక లీకు ఇంకా పెరిగిందని మా గదికి వచ్చినవాళ్లు ఉన్నారు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే 38 ఏళ్లకే బహిష్టు ఆగిన ఒళ్లవుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు బలహీనపడటం అన్నీ ముందే మొదలవుతాయి. రెక్కల కష్టం మీద ఇల్లు నడిపే మనిషికి అది చిన్న నష్టం కాదు.

ఈ విషయంలో నాకు కోపం ఉంది, దాచుకోను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ లెక్క అంతకు రెట్టింపు దాటింది. రక్తస్రావం మందులకు ఆగకపోయినా, పెద్ద గడ్డలున్నా, క్యాన్సర్ అని తేలినా ఆ ఆపరేషన్ అవసరమవుతుంది, అప్పుడు వెనకాడకూడదు. కానీ తెల్లబట్టకూ, నడుము నొప్పికీ, దగ్గితే పడే నాలుగు చుక్కలకూ తీసేయమనేవారి మాట వినకండి. చెప్పింది ఆర్‌ఎంపీ అయినా సరే, బోర్డు మీద పెద్ద చదువులు రాసుకున్నవారయినా సరే.

మీ ఒంట్లో జరిగింది చెబుతాను. కటి ఎముకల అడుగున, ముందు పొత్తికడుపు కింది ఎముక నుంచి వెనక తోక ఎముక వరకు, కండరాలు ఒకదాంతో ఒకటి అల్లుకుని ఉంటాయి. మూత్రసంచి, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం మూడింటినీ మోసేది ఆ అల్లికే. నులక మంచం అనుకోండి. కాన్పులో బిడ్డ తల ఆ అల్లిక మధ్య నుంచే రావాలి కాబట్టి అది బాగా సాగుతుంది. తిరిగి బిగుసుకునేలోపే మీరు నీళ్ల బిందె ఎత్తారు, పొలానికి వెళ్లారు, మళ్లీ గర్భం వచ్చింది. నులక వదులైతే కాళ్ల వైపు తాడు లాగి బిగిస్తాం, మంచం పారేయం. దగ్గినప్పుడు, బరువు ఎత్తినప్పుడు పొట్టలోని ఒత్తిడి ఒక్కసారిగా కిందికి పడుతుంది. వదులైన కండరం ఆ క్షణంలో మూత్రం దారిని నొక్కి పట్టలేదు. చుక్కలు పడేది అందుకే.

కండరానికి వైద్యం వ్యాయామమే. ఈ రకం లీకుకు ముందుగా చేయించాల్సింది తెలిసినవారి పర్యవేక్షణలో కనీసం 3 నెలల వ్యాయామమని బ్రిటన్‌లోని వైద్య మార్గదర్శకాలు కూడా చెబుతాయి. ఆపరేషన్ మాట ఆ తర్వాతే.

ఎలా చేయాలంటే, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. నలుగురిలో కూర్చున్నప్పుడు గ్యాసు బయటికి పోకుండా ఎలా ఆపుకుంటారో అలా మలద్వారాన్ని బిగించండి. ఆ బిగింపును అలాగే ముందుకు, మూత్రం వచ్చే చోటి వరకు తెచ్చి లోపలికి, పైకి లాగండి. పిరుదులు బిగుసుకోకూడదు. తొడలు దగ్గరికి రాకూడదు. ఊపిరి బిగబట్టకూడదు. నాలుగు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచి, పూర్తిగా వదిలేసి, మళ్లీ నాలుగు లెక్కపెట్టేదాకా విశ్రాంతి ఇవ్వండి. వదలడం కూడా పట్టడమంత ముఖ్యం. ఇలా 8 సార్లు, రోజుకు మూడు పూటలు. వారాలు గడిచేకొద్దీ నాలుగును ఆరుకు, ఆరును పదికి పెంచండి. ప్రతి పూటా చివర్లో టకటకా పట్టి వదిలేవి మరో 8 చేయండి, తుమ్ముకు పనికొచ్చేది ఆ వేగమే. అలవాటయ్యాక పడుకోనక్కర్లేదు. పొద్దున టీ మరిగేటప్పుడు ఒకసారి, పొలానికి ఆటోలో వెళ్లేటప్పుడు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి చేసుకోవచ్చు. పక్కనున్న మనిషికి కూడా తెలియదు.

సరిగ్గా చేస్తున్నారా లేదా అన్నది చూసుకోవాలి. 1991లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో నోటిమాటగా చెప్పి చేయమంటే సుమారు సగం మందే సరిగ్గా చేయగలిగారు. నాలుగో వంతు మంది చేసిన తీరు లీకును ఇంకా పెంచేలా ఉంది. పైకి లాగడానికి బదులు కిందికి ముక్కితే అదే జరుగుతుంది. అందుకని తలుపు వేసుకుని చిన్న అద్దంలో చూసుకోండి. బిగించినప్పుడు మలద్వారం ముందున్న చోటు లోపలికి వెళ్లాలి. బయటికి ఉబికితే ఆపేసి ఒకసారి ఫిజియోథెరపిస్టు దగ్గరికి రండి. ఇంకొక సంగతి, మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేయకండి. కండరం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒకసారి చేస్తే సరే. రోజూ చేస్తే మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది.

ఇక పొలం పని. దగ్గు వస్తోందని తెలియగానే ముందు బిగించి, తర్వాత దగ్గండి. నారు కట్ట ఎత్తేటప్పుడు కూడా ముందు బిగించి, ఊపిరి వదులుతూ లేవండి. కట్టలు చిన్నవిగా కట్టమని అడగండి. బతుకమ్మ ఆటలో వంగి చప్పట్లు కొట్టే ప్రతిసారీ బిగించి వంగవచ్చు, రెండు పాటలు అయ్యేసరికి దానికదే అలవాటవుతుంది.

నీళ్లు మానడం మాత్రం ఈ రోజే ఆపండి. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రసంచిని మండిస్తుంది, ఇన్‌ఫెక్షన్లు వస్తాయి, మన ఎండలకు కిడ్నీలో రాళ్లు కూడా ఏర్పడతాయి. దాని పైన మలబద్ధకం, ముక్కడం, ఆ బరువంతా మళ్లీ అదే కండరం మీద. మీరు నీళ్లు మానడానికి లీకు ఒక్కటే కారణం కాదని నాకు తెలుసు. పది మంది మగవాళ్లు తిరిగే పొలంలో ఆడవాళ్లు వెళ్లడానికి చాటు ఉండదు. కూలికి పిలిచే రైతు సోదరులు ఈ పేజీ చదివితే ఒక్క పని చేయండి. చేను మూలన నాలుగు కర్రలు పాతి పాత చీర చుట్టండి. దానికి ఖర్చేమీ లేదు.

మూత్రంలో రక్తం కనిపించినా, మంట, జ్వరం ఉన్నా, ఏ కదలికా లేకుండా రాత్రింబగళ్లు కారుతూనే ఉన్నా వ్యాయామంతో ఆగకుండా స్త్రీల వైద్యురాలికి చూపించండి. 3 నెలలు నిజంగా చేసినా తగ్గకపోతే మూత్రం దారికి ఆసరా ఇచ్చే వేరే ఆపరేషన్లు ఉన్నాయి. వాటిలో గర్భసంచి జోలికి వెళ్లనవసరం లేదు.

మీ అత్తగారు చెప్పినట్టు ఇది చాలామందికి ఉంది. బహుశా ఆమెకూ ఉండవచ్చు. ఆమెతో కూడా చేయించండి.

ప్రశ్న: మేడం, నాకు 24 ఏళ్లు, పెళ్లయి పది నెలలు. భర్తతో కలిసినప్పుడు భరించలేని మంట, నొప్పి. ఇప్పటి వరకు ఒక్కసారి కూడా పూర్తిగా కలవలేకపోయాం. ఫోనులో ఒక వీడియో చూసి, కింది కండరాలను బిగించి వదిలే కీగెల్ వ్యాయామాలు రోజూ వందసార్లు చేశాను. నొప్పి ఇంకా పెరిగింది, ఇప్పుడు మూత్రం మొదలవడానికి కూడా సమయం పడుతోంది. అత్తగారు పిల్లల గురించి అడుగుతున్నారు. నాలో ఏదైనా లోపం ఉందా?
— పేరు వద్దు, మహబూబ్‌నగర్

జవాబు: మీలో లోపం లేదమ్మా. ముందుగా ఆ వ్యాయామాలు ఈ రోజే ఆపేయండి.

పై ఉత్తరం రాసిన సోదరికి కండరం వదులైంది. మీ విషయంలో అది బిగుసుకుపోయి ఉండవచ్చు. బిగుసుకున్న కండరాన్ని రోజూ వందసార్లు ఇంకా బిగిస్తే నొప్పి పెరగక ఏమవుతుంది? మూత్రం మొదలవడానికి ఆలస్యం కావడం కూడా దానికి గుర్తే, ఎందుకంటే మూత్రం రావాలంటే ఆ కండరం వదలాలి. ఆర్నాల్డ్ కీగెల్ అనే అమెరికా వైద్యుడు 1948లో ఈ వ్యాయామాల గురించి రాసినప్పుడు కాన్పుల తర్వాత వదులైన కండరాల కోసం రాశాడు. ఆయన చేత్తో పరీక్షించి, బిగింపును కొలిచే పరికరం కూడా వాడి చేయించాడు. ఫోనులోని వీడియోకు మీ ఒంటిని పరీక్షించే వీలు లేదు. అందరూ చేయండి, రోజూ చేయండి అని చెప్పే వీడియోల వల్ల నొప్పి పెంచుకున్న ఆడపిల్లలను చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

ఎందుకు బిగుసుకుంటుందంటే, పెళ్లికి ముందు "మొదట్లో నొప్పిగా ఉంటుంది, ఓర్చుకోవాలి" అని భయపెట్టి పంపుతారు. భయపడిన ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకుంటే నొప్పి, నొప్పి వల్ల మరుసటిసారి ఇంకా భయం. ఇది మీరు కావాలని చేసేది కాదు. కంటి దగ్గరికి వేలు వస్తే రెప్ప మూసుకోవడం మన చేతిలో ఉంటుందా? ఇన్‌ఫెక్షన్, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది దాని బయట పెరగడం), చర్మం మీద పుండు లాంటి కారణాలు కూడా ఉండవచ్చు కనుక ముందు స్త్రీల వైద్యురాలు ఒకసారి చూడాలి.

ఈలోగా ఇంట్లో చేసుకోదగినది శ్వాస. మోకాళ్ల కింద దిండ్లు పెట్టుకుని పడుకుని, చేయి పొట్ట మీద వేసి, ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చండి. పొట్ట పైకి లేచేటప్పుడు కటి అడుగున ఉన్న కండరం దానంతటదే కిందికి దిగి వదులవుతుంది. మీరు తోయనక్కర్లేదు, అడ్డుకోకుండా ఉంటే చాలు. నిదానంగా వదలండి, వదిలేటప్పుడు బిగించకండి. పూటకు ఐదు నిమిషాలు, రెండు పూటలు. యోగా తెలిస్తే బాలాసనంలో ఇదే శ్వాస చేయండి. దవడ బిగబట్టి ఉన్నారేమో గమనించుకోండి, చాలామందికి రెండూ కలిసే బిగుసుకుంటాయి.

ఫిజియోథెరపీలో ఆ తర్వాతి మెట్లు ఉంటాయి. పైనుంచి తుంటి, తొడల కండరాలు సడలించడం, మీరు సరేనంటేనే వేలితో లోపలి కండరాన్ని సడలించడం, ఆపైన చిన్న సైజు నుంచి పెద్ద సైజుకు వెళ్లే నున్నటి గొట్టాల్లాంటి డైలేటర్లతో మీ అంతట మీరే అలవాటు చేసుకోవడం. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతారు. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా పడుతుంది, ఎక్కువమందికి బాగవుతుంది.

అప్పటి వరకు నొప్పి భరిస్తూ కలవడం వద్దు. భర్తకు ఈ పేజీ చూపించండి. దగ్గరితనానికి వేరే దారులు ఎన్నో ఉన్నాయి, అవి మీ ఇద్దరి విషయం. పిల్లల గురించి అత్తగారికి జవాబు చెప్పాల్సిన భారం ఆయన తీసుకోవాలి. కలయికే జరగని దంపతులు సంతానలేమి మందులు వాడుతూ తిరగడం నేను చూశాను. డాక్టరు దగ్గర మొదట చెప్పాల్సిన ఈ సంగతిని సిగ్గుపడి చివరికి కూడా చెప్పరు. మీరు చెప్పండి.

ప్రశ్న: మా నానమ్మకు 67 ఏళ్లు. సాయంత్రం అయ్యేసరికి కింద ఏదో దిగుతున్నట్టు, బంతి మీద కూర్చున్నట్టు ఉందంటుంది. స్నానం చేసేటప్పుడు చేతికి తగులుతోందట. పడుకుంటే లోపలికి పోతుంది. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడు నీళ్లు తాగడం వల్ల నడుము, మెడ సరిగా తిరగవు, కింద కూర్చోలేదు. మలబద్ధకం, పొగ వల్ల దగ్గు కూడా ఉన్నాయి. ఆపరేషన్ అంటే ఏడుస్తోంది.
— డిగ్రీ విద్యార్థిని, మర్రిగూడ మండలం

జవాబు: తల్లీ, నానమ్మ సంగతి ఇంత వివరంగా రాశావంటే ఆమెను ఎంత దగ్గరగా చూస్తున్నావో తెలుస్తోంది. ఆమె చెప్పేది గర్భసంచి జారడం గానీ, మూత్రసంచి యోని ముందు గోడ మీదుగా కిందికి వాలడం గానీ కావచ్చు. ఏది, ఎంత దిగింది అన్నది పరీక్షలో తెలుస్తుంది. పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ ఉండటం, పడుకుంటే లోపలికి పోవడం ఈ జబ్బు తీరు. ఇది క్యాన్సర్ కాదని ఆమెకు ముందు చెప్పు. చాలామంది అవ్వలు లోలోపల ఆ భయంతోనే ఉంటారు. అయితే బహిష్టు ఆగిపోయిన ఇన్నేళ్ల తర్వాత రక్తం చుక్క కనిపించినా, మూత్రం రాక ఇబ్బంది పడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఆపరేషన్ ఒక్కటే దారి కాదు. పెసరీ అనే మెత్తటి సిలికాన్ రింగు ఉంటుంది. వైద్యురాలు సరైన సైజు చూసి లోపల అమరుస్తారు. అది జారిన భాగాన్ని పైకి పట్టి ఉంచుతుంది. సైజు సరిగ్గా ఉంటే లోపల ఉన్నట్టే తెలియదు. కొన్ని నెలలకొకసారి తీసి, కడిగి, లోపల పుండు పడిందేమో చూసి మళ్లీ పెట్టాలి. దాన్ని పెట్టించుకుని మర్చిపోకూడదు, వెళ్లాల్సిన తేదీ నువ్వే గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టు. కొంచెమే దిగి ఉంటే మొదటి జవాబులో చెప్పిన వ్యాయామం కనీసం 4 నెలలు చేయిస్తే ఆ బరువు, లాగుడు చాలావరకు తగ్గుతాయి. బాగా బయటికి వచ్చేసిన దాన్ని వ్యాయామం లోపలికి పంపదు. ఎవరైనా పంపుతుందని చెబితే నమ్మకండి. అప్పుడు రింగు గానీ, ఆమె ఒళ్లు తట్టుకోగలిగితే ఆపరేషన్ గానీ.

ఫ్లోరైడు సంగతికి వస్తే, మీ మండలాల్లో ఒక తరం మొత్తం ఆ నీళ్లే తాగింది. మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల ఎముకలకు ఆ బెడద తగ్గింది గానీ, అప్పటికే బిగుసుకున్న వెన్ను వెనక్కి రాదు. నానమ్మతో వ్యాయామం కుర్చీలో కూర్చోబెట్టి, లేదా పక్కకు పడుకోబెట్టి చేయించు. బలవంతంగా వంచవద్దు. ఫ్లోరోసిస్ ఎముక చూడటానికి గట్టిగా ఉన్నా పెళుసుగా ఉంటుంది. నడుము విరిచి సరిచేస్తామనే వాళ్ల దగ్గరికి అసలే తీసుకెళ్లవద్దు.

రింగు, వ్యాయామం ఎంత ముఖ్యమో మలబద్ధకం, దగ్గు తగ్గించడం కూడా అంతే ముఖ్యం. ఆమె ముక్కిన ప్రతిసారీ, దగ్గిన ప్రతిసారీ అది కిందికే తోస్తుంది. కింద కూర్చోలేదు కాబట్టి కమోడు కుర్చీ ఏర్పాటు చేయండి, పాదాల కింద చిన్న పీట పెట్టండి. మోకాళ్లు తుంటి కన్నా కొంచెం పైకి వస్తే మలం తేలిగ్గా వస్తుంది. తొందరపెట్టకండి, ముక్కవద్దని చెప్పండి. జొన్న రొట్టె, ఆకుకూర, రాత్రి నానబెట్టిన ఎండు ద్రాక్ష, తగినన్ని నీళ్లు. ఇంట్లో గ్యాసు పొయ్యి ఉన్నా నీళ్లు కాచడానికి బయట కట్టెల పొయ్యి దగ్గర కూర్చునేది సాధారణంగా ఆమే అయి ఉంటుంది. ఆ పని ఇంకెవరైనా తీసుకోండి. దగ్గును ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించండి. నీళ్ల బిందె, బియ్యం బస్తా, చంటి మనవడు ఇక ఆమె ఎత్తకూడదు. మనవణ్ని ఆమె కూర్చున్నాక ఒళ్లో పెట్టండి.

ప్రశ్న: టీచర్‌ను, 45 ఏళ్లు. మూత్రం వస్తోందనిపిస్తే ఆపుకోలేను. ఇంటి తాళం తీసేలోపే పడిపోతుంది. బస్సు ఎక్కే ముందు రెండుసార్లు వెళ్తాను. రోజుకు పదిహేను సార్లయినా అవుతుంది.
— గద్వాల

జవాబు: ముందు మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేయించుకోండి. రెండూ బాగుంటే ఇది మూత్రసంచి తొందరపాటు. సంచి నిండకముందే నిండిందని కబురు పంపుతోంది. వస్తుందేమోనని ముందుజాగ్రత్తగా వెళ్లే అలవాటు దాన్ని ఇంకా పెంచుతుంది.

3 రోజుల పాటు ఏ సమయానికి ఏం తాగారు, ఎప్పుడు వెళ్లారు, ఎంత వచ్చింది అన్నది రాయండి. హాజరు పట్టీ రాసే చేతికి ఇది కష్టం కాదు. గంటకోసారి వెళ్తున్నారనుకుంటే, ఒక వారం గంటంబావుకు వెళ్లండి, మరో వారం గంటన్నరకు. అలా వారానికి 15 నిమిషాలు పెంచుతూ మూడు గంటలకు చేరాలి. మధ్యలో తొందర వస్తే పరుగెత్తకండి. నిలబడండి లేదా కుర్చీ అంచున కూర్చోండి, కింది కండరాన్ని ఐదారుసార్లు టకటకా బిగించి వదలండి, ఎక్కాలు వల్లించుకోండి. ఆ తొందర ఉబ్బి, దానంతటదే తగ్గుతుంది. తగ్గాక నడిచి వెళ్లండి. టీ రెండు కప్పులకు తగ్గించండి. కనీసం 6 వారాలు పట్టుదలగా చేయాలి. దీనికి మందులు కూడా ఉన్నాయి, అవసరమైతే డాక్టరు ఇస్తారు. బడిలో ఆడవాళ్లకు వాడదగిన మరుగుదొడ్డి ఉందా అని కూడా అడుగుతున్నాను. లేకపోతే మీ సమస్యలో సగం అక్కడే ఉంది, మీ విద్యార్థినులకు కూడా అదే మొదలవుతుంది.

ప్రశ్న: కాన్పయి ఆరు వారాలు. కుట్లు మలద్వారం దాకా పడ్డాయన్నారు. గ్యాసు ఆపుకోలేకపోతున్నాను. అమ్మ పాత చీరతో పొట్ట గట్టిగా బిగించి కడుతోంది, పొట్ట పెరుగుతుందని నీళ్లు తాగనివ్వడం లేదు.
— కల్వకుర్తి

జవాబు: కుట్లు మలద్వారం దాకా పడ్డాయంటే దాన్ని మూసే కండరం కూడా చినిగి ఉంటుంది. మీరు కాన్పు జరిగిన ఆసుపత్రికి ఆ కాగితాలతో ఈ వారమే వెళ్లి చూపించుకోండి. వాళ్లు సరేనన్నాక మొదటి జవాబులో చెప్పిన వ్యాయామం మొదలుపెట్టండి. ఇలాంటివారికి అది ఎంతో మేలు చేస్తుంది. గ్యాసు ఆపుకోలేకపోవడం కొన్ని నెలల్లో చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే ఊరుకోకుండా మళ్లీ వెళ్లండి. మళ్లీ గర్భం వస్తే డాక్టరుకు ఈ సంగతి మొదటి నెలలోనే చెప్పాలి.

అమ్మకు నా మాటగా చెప్పండి. పొట్టను బిగించి కడితే ఆ ఒత్తిడి పోయేది కిందికే, మానుతున్న కుట్ల మీదికే. నడుముకు ఆసరాగా వదులుగా చుట్టుకుంటే తప్పు లేదు, చేయి దూరేంత జాగా ఉండాలి. నీళ్లు తాగితే బాలింత పొట్ట పెరగదు. తాగకపోతే మలం గట్టిపడి కుట్లు మళ్లీ బాధిస్తాయి, పాలిచ్చే తల్లికి దాహం తీరదు. పాలు పట్టిన ప్రతిసారీ పక్కన గ్లాసు నీళ్లు పెట్టమనండి. ఆమె పెట్టే కారప్పొడి, వెల్లుల్లి కూర తినండి, వాటితో నాకు పేచీ లేదు.

ప్రశ్న: నా భార్యకు మీరు చెప్పే సమస్య ఉంది. ఆసుపత్రికి రమ్మంటే రానంటోంది. అక్కడ ఏం చేస్తారో, మగవాళ్లు చూస్తారేమో అని భయం. ఎలా ఒప్పించాలి?
— ఒక రైతు, దేవరకొండ

జవాబు: మీరు అడగడమే సంతోషం తమ్ముడూ. ఒప్పించాలంటే అక్కడ జరిగేది జరిగినట్టు చెప్పాలి. మొదటి రోజు ఎక్కువ సమయం మాటలతోనే గడుస్తుంది. కాన్పులు, పని, నీళ్లు, మలం, నొప్పి, లీకు ఎప్పుడు అన్నీ అడుగుతారు. తర్వాత నిలబెట్టి నడుము, తుంటి, శ్వాస చూస్తారు. లోపలి కండరాన్ని పరీక్షించాల్సి వస్తే ముందుగా వివరించి అడుగుతారు. ఆమె వద్దంటే ఆ రోజుకు వద్దు, పైనుంచి చూసి కూడా కొంత తెలుసుకోవచ్చు. ఆడ ఫిజియోథెరపిస్టే కావాలని అడిగే హక్కు ఆమెకు ఉంది, పేరు రాయించేటప్పుడే అడగండి. పరీక్ష సమయంలో అక్కనో, వదిననో పక్కన ఉంచుకోవచ్చు. తలుపు, తెర లేని చోట పరీక్ష చేయించుకోవద్దని కూడా చెప్పండి.

నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లా కేంద్రాల్లో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. వాటి ఆసుపత్రిలో మొదట స్త్రీల విభాగానికి వెళ్లి, ఫిజియోథెరపీకి రాయమని అడగండి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ఛార్జీ లేదు కాబట్టి వారం వారం వచ్చి వెళ్లడం ఒకప్పుడంత భారం కాదు. ఆధార్ కార్డు, కాన్పు కాగితాలు, వాడుతున్న మందులు తెమ్మనండి, లంగా వదులుగా కట్టుకోమనండి. బహిష్టు రోజులైతే కూడా రావచ్చు, ఆ రోజు మాటలు, శ్వాస మాత్రమే చూస్తారు.

వ్యాయామం మొదలయ్యాక ఆమె బరువులెత్తకుండా మీరు పశువుల నీళ్లు, గడ్డి మోపుల పని కొన్ని నెలలు తీసుకోవాలి. అది కూడా వైద్యంలో భాగమే. ఆసుపత్రికి మీరూ తోడు రండి. బయట బల్ల మీద కూర్చోండి. లోపలికి పిలవాలా వద్దా అన్నది ఆమె చెబుతుంది.